బంద్ నాడు పప్పుగుత్తుల పరీక్ష

గోల్ఫ్ కర్రలు అమర్చడం కూడా ఒక ఉద్యోగమేనా అని పెళ్ళిచూపుల నాడు మా మామగారు అడిగారు. అప్పుడు సరైన జవాబు తోచలేదు. అదే పని చేసి రిటైరయ్యాను, ఇప్పటికీ తోచలేదు. ఇప్పుడు మీలాంటి కుర్రవాళ్ళు ఇంటికొచ్చి, "వయసు మళ్ళినవాళ్ళకు ఏ కర్రల సెట్టు ఇవ్వాలి అన్నా? బంతి లేవనివాళ్ళకు ఏది మంచిది?" అని అడుగుతున్నారు. బంతి ఎంత ఎత్తు లేచింది, ఎంత దూరం పోయింది, ఎంత వంకర తిరిగింది అన్నీ తెర మీద చూపించే యంత్రాలు మీ దగ్గరున్నాయి. అయినా అడుగుతున్నారు కాబట్టి చెబుతాను. సెట్టు పేరు మాత్రం చెప్పను. ఆ పేర్లు ఏడాదికోసారి మారుతుంటాయి. ఒక రోజు జరిగిన సంగతి చెబుతాను.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా సాగుతున్న కాలం. ఒకనాడు బంద్, ఒకనాడు రాస్తారోకో, మధ్యలో సమ్మెలు. ఐటీ కంపెనీల బస్సులు అద్దాలకు ఇనుప జాలీలు కట్టుకుని తిరిగేవి. నేను తెల్లాపూర్ దారిలో ఒక చిన్న గోల్ఫ్ మైదానంలో కర్రల షాపు చూసుకునేవాణ్ణి. షాపు అంటే రేకుల గది, ఒక బిగింపు బల్ల, జిగురు డబ్బాలు, గోడకు వేలాడే కర్రలు. చేత్తో పట్టుకునే చోట అరిగిన గ్రిప్పులు తీసి కొత్తవి తొడగడం, విరిగిన షాఫ్టులు, అంటే కాడలు, మార్చడం, మనిషి ఎత్తుకూ చేతికీ సరిపోయేలా కర్ర అమర్చడం నా పని. నేను పుట్టింది కొండాపూర్‌లోనే. మా నాయన రాళ్ళు కొట్టిన గుట్టలున్న చోట ఇప్పుడు అద్దాల మేడలున్నాయి. ఉద్యమం నా ఇంట్లోనూ ఉండేది. మా తమ్ముడు ధర్నాలకు పోతే నేను షాపుకు పోయేవాణ్ణి. రాత్రి ఇద్దరం ఒకే పళ్ళెం దగ్గర కూర్చుని వాదించుకునేవాళ్ళం.

మా మైదానానికి రోజూ పొద్దున్నే వచ్చే ఇద్దరు పెద్దమనుషులుండేవారు. ఒకరు నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజనీరు గారు. కృష్ణా జిల్లా నుంచి చిన్న వయసులోనే ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. సన్నగా, ఇస్త్రీ నలగకుండా ఉండే మనిషి. రెండోవారు వకీలు గారు. వరంగల్ వైపు మనిషి. భారీ శరీరం, అంతకన్నా భారీ గొంతు. అరవై దాటాక ఆట మొదలుపెట్టారు. ఇద్దరిదీ కొండాపూర్‌లో ఒకే కాలనీ. ఏళ్ళ తరబడి కలిసి ఆడారు. ఆడినంతసేపూ నీళ్ళ గురించే కొట్లాట. ఏ ప్రాజెక్టులో ఎవరి వాటా ఎంత, ఏ కాలువ ఎవరి పొలానికి పోయింది అని. ఆట అయ్యాక టీ తాగుతూ నవ్వుకునేవారు.

ఒక పొద్దున నవ్వు రాలేదు. టీ షెడ్డులో మాట మీద మాట పెరిగి వకీలు గారు, "రాష్ట్రం వస్తే ఎక్కడోళ్ళు అక్కడికి పోవాలె," అనేశారు. ఇంజనీరు గారు గ్లాసు బల్ల మీద పెట్టి, "నేనెక్కడికి వెళ్ళాలండి?" అని అడిగారు. వకీలు గారు లేచి షెడ్డు బయటికి నడిచారు. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఇద్దరూ వచ్చేవారు, వేర్వేరుగా ఆడేవారు. ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యలో నేను. "ఆయన బంతి నా వైపు వచ్చిందని చెప్పవయ్యా," అని ఒకరు. "ఏరుకొమ్మని చెప్పు," అని ఇంకొకరు. ఇద్దరి మధ్యా దూరం నాలుగడుగులుండేది.

ఇంతలో ఇంజనీరు గారి భుజానికి ఆపరేషన్ అయింది. భార్య పోయి అప్పటికి కొంతకాలమైంది. ఆయన నోరు తెరిచి మాట్లాడే చోటు మా మైదానం ఒక్కటే. భుజం కుదుటపడ్డాక వచ్చి పాత ఐరన్ కర్రతో కొడితే బంతి నేల మీద పాకుతూ పోయింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ పాకింది. పాత ఐరన్ తల పల్చటి రేకులా ఉంటుంది. వేగంగా, ఖచ్చితంగా నడిమధ్యన తగిలితేనే బంతి లేస్తుంది. ఆయన కర్ర తిప్పే స్వింగ్‌లో ఆ వేగం లేదు. వకీలు గారి కష్టం వేరు. బలానికి కొదవలేదు, కానీ కర్ర బంతి కన్నా ముందు నేలను తాకేది. ఆయన ఆడిపోయిన చోట పచ్చిక పెళ్ళలు లేచి దున్నిన చెలకలా ఉండేది.

అప్పుడే హైబ్రిడ్ తరహా ఐరన్లు మా వైపు రావడం మొదలైంది. తల వెనక భాగం ఉబ్బుగా, లోపల డొల్లగా, అడుగు వెడల్పుగా ఉంటుంది. బరువంతా కిందికీ వెనక్కీ జరగడం వల్ల బంతి కాస్త పక్కన తగిలినా పైకి లేస్తుంది. వెడల్పు అడుగు నేలలో దిగబడకుండా జారుతుంది. బొమ్మ చూపిస్తే ఇంజనీరు గారు మొహం చిట్లించారు.

"ఏమయ్యా, ఇవి ఐరన్లా, పప్పుగుత్తులా?"

"కొట్టి చూడండి సార్, తర్వాత మాట్లాడుదురు."

"వీటితో కూడా బంతి లేవకపోతే మానేస్తానయ్యా," అన్నారు. కోపంగా కాదు, మామూలుగా. "ఇంట్లో పేపరు చదువుకుంటాను."

ఆ మామూలు మాటే నన్ను భయపెట్టింది.

బెంగళూరు నుంచి ఒక కంపెనీ ప్రతినిధి పరీక్ష కోసం మూడు సెట్లు తెచ్చాడు. మొదటి దానిలో పెద్ద కర్ర నుంచి చిన్న కర్ర దాకా అన్నీ ఉబ్బు తలలే. రెండోది చూపుకు మామూలు ఐరన్‌లాగే ఉంటుంది, అడుగు మాత్రం వెడల్పు. మూడోది కలగలుపు: పెద్ద కర్రలు ఉబ్బు తలలవి, చిన్నవి ఐరన్లు. పేరు చూసి మనసు పారేసుకోకుండా కంపెనీ గుర్తుల మీద రంగు టేపులు అంటించాను. మొదటి సెట్టుకు ఎరుపు, రెండోదానికి పసుపు, మూడోదానికి నీలం. పరీక్షకు రోజు పెట్టుకుంటే బంద్ వచ్చింది. ఇంకో రోజు పెట్టుకుంటే మళ్ళీ బంద్. మూడోసారీ బంద్ ప్రకటించేసరికి ఆ ప్రతినిధికి ఓపిక పోయింది. సెట్లు మా ఇంట్లో పడేసి, "ఎల్లుండి చెన్నైకి పంపాలి, జాగ్రత్త," అని చెప్పి సాయంత్రం రైలుకే వెళ్ళిపోయాడు. అంటే మాకు మిగిలింది బంద్ రోజు ఒక్కటే.

మా మేనేజరు ఫోన్‌లో ధైర్యం చెప్పాడు. "బంద్ చేసేటోళ్ళు పది దాటినంక గాని రోడ్డెక్కరు. పొద్దుగాల్నే పోండి, ఏం ఫికర్ లేదు." తను మాత్రం ఇంట్లోనే ఉంటానన్నాడు.

పొద్దున్నే మూడు బ్యాగులూ స్కూటర్ మీద కట్టుకుని ఇంజనీరు గారి కాలనీకి పోయాను. ఆయన డ్రైవరు రాలేదు, బంద్‌లో ఉన్నాడు. కారు నేను నడపాలి. బ్యాగులు డిక్కీలో సర్దుతుంటే వకీలు గారు తెల్లచొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నారు. దగ్గరికొచ్చి అడగకుండానే ముందు సీట్లో కూర్చున్నారు.

"సార్, మీరు బంద్ నాడు..."

"నేను ఆడనీకె వస్తలేను," అన్నారు నాతో, అద్దంలోంచి ఎదురుగా చూస్తూ. "బంద్ నాడు నేను ఆట ఆడ. గాయినకు దారిల ఏమన్న అయితే కాలనీల అందరు నన్నే అంటరు. అందుకు వస్తున్న. కారు తియ్యి."

వెనక సీట్లో ఇంజనీరు గారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "ఆయన్ని సీటు బెల్టు పెట్టుకోమనవయ్యా," అన్నారు.

కొండాపూర్ దాటేవరకు రోడ్డు ఖాళీ. మూసిన షట్టర్లు, చెత్తబుట్టల దగ్గర కుక్కలు. శేరిలింగంపల్లి వైపు తిరిగాక దూరంగా నల్లటి పొగ కనిపించింది. టైర్లు కాలుతున్నాయి. వెనక్కి తిప్పుదామని చూసేలోపు పక్క సందులోంచి కొందరు పోరగాళ్ళు వచ్చి కారు వెనక రాళ్ళు పేర్చారు. ముందు చౌరస్తా నిండా జనం. కారు ఆపేశాను.

గడ్డం పెంచుకున్న యువకుడొకడు నా కిటికీ దగ్గరికొచ్చాడు. నినాదాలతో గొంతు బొంగురుపోయి ఉంది. వాళ్ళకు నాయకుడు అతనే అని చూడగానే తెలిసింది.

"బంద్ అని తెల్వదా కాకా? ఏడికి?"

"తెల్లాపూర్ దాక తమ్మీ. పెద్దమనుషులున్నరు, జర పోనియ్యి."

గోల్ఫ్ అనే మాట నా నోట రాలేదు. బంద్ నాడు ఆటకు పోతున్నామని ఆ పొగలో నిలబడి ఎవరు చెబుతారు?

వెనక ఎవరో డిక్కీ మీద దబదబ బాదారు. "తెర్వు! ఏమున్నదో చూపియ్యి!"

దిగి తెరిచాను. పొడుగాటి బ్యాగులు చూడగానే ఒకడు జిప్పు లాగాడు. తళతళలాడే ఇనుప తలలు బయటపడ్డాయి.

"ఏయ్, రాడ్లు రా! ఇనుప రాడ్లు!"

"ఎవల్ని కొట్టనీకె తీస్కపోతున్రు?"

"మనల్నే కొట్టనీకె తెచ్చిన్రు భై!"

నేను నోరు తెరిచేలోపే కర్రలు చేతుల్లోంచి చేతుల్లోకి పోయాయి. ఎర్ర టేపువి, పసుపువి, నీలివి అన్నీ కలిసిపోయాయి. కొందరు నవ్వుతూ గాలిలో తిప్పుతున్నారు. కొందరు నవ్వడం లేదు. అరువు తెచ్చిన సెట్లు పోయాయే అన్నది నా మొదటి బాధ. అది ఎంతోసేపు లేదు. పొగకు అవతల రోడ్డుకు అడ్డంగా పోలీసుల వరుస కనిపించింది. హెల్మెట్లు, డాళ్ళు, లాఠీలు. అంతవరకు నిలబడి చూస్తున్నవాళ్ళు మావైపు కదలడం మొదలుపెట్టారు. మైకులో గొంతు వినిపించింది.

"చేతుల్లో ఉన్నవి కింద పడేయండి! వెంటనే కింద పడేయండి!"

అటు నుంచి చూస్తే ఏం కనిపిస్తుందో నాకు తట్టింది. గుంపు. గుంపు చేతుల్లో ఇనుప రాడ్లు. ఈ పిల్లల్లో ఎవరికి తల పగిలినా ఆ ఇనుము నా డిక్కీలోంచి పోయిందే.

నాయకుడి చెయ్యి పట్టుకున్నాను. "అన్నా, అవి రాడ్లు కాదు, గోల్ఫ్ కర్రలు. ముసలోళ్ళు ఆడుకునేటియి. నీ కాళ్ళు మొక్కుత, మల్ల డిక్కీల ఏపియ్యి."

అతని మొహం ఎర్రబడింది. "బంద్ నాడు గోల్ఫా? పిల్లలు పానాలు ఇడుస్తున్రు ఈడ, మీకు గోల్ఫా?"

అప్పుడు వకీలు గారు కారు దిగారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆ భారీ మనిషికి కాస్త చోటిచ్చారు.

"నేను ఆడుతలేను బిడ్డా. బంద్ అయిపోయేదాక కర్ర ముట్ట. నన్ను తిట్టాలంటే తర్వాత తిట్టు, నేనే నీ దగ్గరికొస్త. ఫస్టు అటు చూడు." పోలీసుల వైపు చెయ్యి చూపించారు. "నీ పోరగాళ్ళ చేతుల ఇనుమున్నది. రేపు కోర్టుల ఏమంటరు? ఆయుధాలతోని వచ్చిన్రు అంటరు. బెయిలు గుడ దొరకది. నా జిందగంత కోర్టులనే గడిచింది, నేను చూసి చెప్తున్న. ఉత్త చేతులతోని కూసున్నోణ్ణి లేపుకపోయి సాయంత్రం ఇడుస్తరు. రాడ్డు పట్టుకున్నోని బతుకు ఆగమైతది."

నాయకుడు ఒక్కసారి పోలీసుల వైపు, ఒక్కసారి తన వెనకున్నవాళ్ళ వైపు చూశాడు. అతనికి అర్థమైంది. తల తిప్పి అరిచాడు. "ఏయ్! అన్ని డిక్కీల ఏయిండ్రి! జల్ది! ఎవని చేతుల ఏం ఉండొద్దు, అందరు రోడ్డు మీద కూసోండ్రి!"

కర్రలు తిరిగొచ్చాయి. కొన్ని విసురుగా, కొన్ని మర్యాదగా. ఒకతను, "సారీ కాకా," అని కూడా అన్నాడు. ఏ సెట్టు ఏదో చూడకుండా బ్యాగుల్లో కుక్కుతున్నాను. ఎర్ర టేపు సెట్టులో అన్నిటికన్నా పొడుగాటి కర్ర కనిపించలేదు.

అది కారు అవతలి వైపు, సన్నగా పొడుగ్గా ఉన్న ఒక కుర్రాడి చేతిలో ఉంది. నేను చూసేసరికి ఇంజనీరు గారు కిటికీలోంచి, "బాబూ, అది ఇచ్చేయండి," అంటున్నారు.

ఆ కుర్రాడు ఆ యాస విన్నాడు. "ఆంధ్రోడివా?"

"కృష్ణా జిల్లాలో పుట్టానండి."

"జై తెలంగాణ అను. ఇస్త."

ఇంజనీరు గారు తలుపు తీసి దిగారు. భుజం బాగోలేదు కదా, దిగడానికి టైము పట్టింది. నిటారుగా నిలబడి ఎడమ చేత్తో ఆ కర్ర గ్రిప్పు పట్టుకున్నారు. తల వైపు కుర్రాడి పిడికిట్లో ఉంది.

"నేను అననండి."

"ఎందుకు అనవ్?"

"మీరు అనమంటున్నారు కాబట్టి."

కుర్రాడు కర్రను గుంజాడు. ఇంజనీరు గారు వదల్లేదు. కుడి చెయ్యి కూడా వేశారు. ఆపరేషన్ అయిన భుజం లాగినట్టయి ఆయన పళ్ళు బిగించడం నాకు కనిపించింది. "ఇచ్చెయ్ రా!" అని నాయకుడు అరిచాడు. కుర్రాడు వినే స్థితిలో లేడు. వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి. పొగ వల్లనో, వాడికి ఇంకేదైనా దుఃఖం ఉందో నాకు తెలియదు. బూట్ల చప్పుడు దగ్గరపడుతోంది. చౌరస్తా మొత్తం మీద ఇనుము పట్టుకుని నిలబడింది ఇప్పుడు వాళ్ళిద్దరే.

నేను వకీలు గారి వైపు చూశాను. "రెండు మాటలే గదా, అనెయ్యరాదు," అని ఆయన తన పాత స్నేహితుడితో అంటారనుకున్నాను. ఆ మాట పెదాల దాకా వచ్చినట్టే ఉంది. ఇంజనీరు గారు కూడా ఆయన వైపే చూస్తున్నారు. బతిమాలుతున్నట్టు లేదు. ఈయనేమంటాడో చూద్దామన్నట్టు ఉంది. వకీలు గారు నోరు మూసుకున్నారు. గుంపు వైపు తిరిగారు. రెండు చేతులూ ఆకాశానికెత్తి, కోర్టు గోడలు అదిరేలా వాదించిన ఆ గొంతుతో అరిచారు.

"జై... తెలంగాణ!"

రోడ్డు మీద కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారిగా అందుకున్నారు. పిడికిళ్ళన్నీ పైకి లేచాయి. ఆ కుర్రాడు కూడా కర్ర వదిలి పిడికిలి ఎత్తాడు. కర్ర ఇంజనీరు గారి చేతుల్లో మిగిలింది.

వకీలు గారు మళ్ళీ అరిచారు. మళ్ళీ పిడికిళ్ళు లేచాయి. నేను కర్ర అందుకుని డిక్కీలో పడేసి మూత వేశాను. ఇంజనీరు గారిని సీట్లోకి ఎక్కించాను. నాయకుడు కారు వెనక రాళ్ళు కాళ్ళతో తన్ని జరిపించాడు. "ఎన్కకు తిప్పుకోని గల్లీల నుంచి పో కాకా. జల్ది పో."

సందులోకి తిరుగుతూ అద్దంలో చూశాను. పోలీసులు వచ్చేశారు. కుర్రాళ్ళు చేతులు ఒకరికొకరు పెనవేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరినీ కాళ్ళూ చేతులూ పట్టి లేపి వ్యానుల్లో వేస్తున్నారు. నినాదాలు ఆగలేదు. చేతులు మాత్రం ఖాళీగా ఉన్నాయి.

వకీలు గారు ఆ రోజు అరిచింది రాష్ట్రం కోసమా, కర్ర కోసమా అని చాలాకాలం తర్వాత ఒకసారి అడిగాను. కసురుకున్నారు. "రెండిటికి రెండు గొంతులుంటయా రా నాకు?"

మైదానంలో కాపలాదారు తప్ప ఎవరూ లేరు. కారు దిగుతుంటే ఇంజనీరు గారి మొహం పాలిపోయి ఉంది. కుడి చెయ్యి భుజం ఎత్తు దాకా లేవడం లేదు.

"దవాఖానకు పోదాం సార్. గీ పరీక్ష గిరీక్ష ఇయ్యాల వద్దు."

"ఏ దారిన పోతావయ్యా? దార్లన్నీ మూసేశారుగా." ఆయన బంతుల బుట్ట వైపు నడిచారు. "రేపు ఇవి చెన్నై వెళ్ళిపోతాయి. నేనూ తేల్చుకోవాలి."

మొదట ఆయన పాత ఐరన్ ఇచ్చాను. నడుము ఎత్తు దాకా మాత్రమే చెయ్యి లేపి సగం స్వింగ్‌తో కొట్టారు. బంతి పచ్చికలో పాకింది. పసుపు టేపుది ఇచ్చాను. చూపుకు ఐరన్‌లా ఉంది కాబట్టి ఆయనకు అదే నచ్చింది. బంతి మోకాలెత్తు లేచి పడిపోయింది. మళ్ళీ కొట్టారు, అంతే. కర్ర నా చేతికిచ్చి భుజం పట్టుకుని కాసేపు నిలబడ్డారు. ఇక చాలంటారేమోనని నేను ఆయన మొహం చూడలేకపోయాను. ఎర్ర టేపు సెట్టులో ఆ పొడుగాటి కర్ర తీసి అందించాను. దాని అడుగున టైరు మసి ఇంకా అంటుకుని ఉంది.

అదే సగం స్వింగ్. తగిలిన చప్పుడు కూడా మెత్తగా వచ్చింది. బంతి లేచింది. తుప్పల మీదుగా, కంచె పక్కనున్న వేపచెట్టు కొమ్మలంత ఎత్తుకు లేచి, అవతల పచ్చికలో దిగింది. ఆయన తల తిప్పకుండా అది పడిన చోటే చూస్తూ ఉండిపోయారు.

"ఇంకోటి వెయ్యవయ్యా."

ఇంకోటి వేశాను. అదీ లేచింది.

"పప్పుగుత్తి పనిచేసిందే," అన్నారు.

భుజం నొప్పి వల్లే ఆ రోజు పరీక్ష నిక్కచ్చిగా జరిగింది. మంచి రోజున మనిషి బలంతో లోపాలు కప్పేస్తాడు. బలం లేని రోజున కర్ర తన పని తను చేస్తుందో లేదో తెలిసిపోతుంది. అయితే ఎరుపు సెట్టులో చిన్న కర్రలతో చిక్కొచ్చింది. దగ్గర్లో గుంటను చూపే జెండా పక్కన ఆపాల్సిన బంతి కూడా ఎగిరి అవతల పడేది. నీలం టేపు సెట్టులో పెద్ద కర్రలు ఉబ్బువి, చిన్నవి ఐరన్లు కాబట్టి దూరానికి లేచేది, దగ్గర్లో ఆగేది. ఆయనకు సరిపోయింది అదే. షాఫ్టులు తేలికవి వేయించాలని, వయసుకు ఆయన వేళ్ళు సరిగా ముడుచుకోవు కాబట్టి గ్రిప్పు కాస్త లావుగా చుట్టాలని అప్పుడే అనుకున్నాను.

ఇదంతా జరుగుతున్నంతసేపూ వకీలు గారు చెట్టు కింద బెంచీ మీద కూర్చున్నారు. కర్ర ముట్టుకోలేదు. కాపలాదారు భార్య అన్నం, పచ్చిపులుసు పెడితే ముగ్గురం తిన్నాం. ఆయన ఫోన్ మీద ఫోన్ చేస్తూనే ఉన్నారు. తన జూనియర్లను పోలీస్ స్టేషన్‌కు పంపారు. మధ్యాహ్నం దాటాక ఫోన్ జేబులో పెట్టి నాతో గట్టిగా చెప్పారు. ఇంజనీరు గారికి కూడా వినపడాలని అంత గట్టిగా.

"పోరగాళ్ళను సాయంత్రం ఇడుస్తరట. ఆయుధాల కేసు ఎవని మీద లేదట."

ఇంజనీరు గారు బంతి కొట్టబోతూ ఆగారు. "ఆ సన్నగా ఉన్న అబ్బాయి కూడానా అని అడగవయ్యా."

"ఆడు గుడ," అన్నారు వకీలు గారు, నేను అడగకముందే.

తర్వాతి సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. ఆ పొడుగాటి కర్ర తల మీద ఒక గీత పడింది. చెన్నైలో దాన్ని చూసి ప్రతినిధి నాకు ఫోన్ చేసి ఏం జరిగిందని అడిగాడు. గట్టినేల మీద ఆడామని చెప్పాను. కొన్నాళ్ళకు రాష్ట్రం వచ్చింది. ఇంజనీరు గారు ఎక్కడికీ వెళ్ళలేదు. నీలం సెట్టు లాంటిదే తెప్పించుకుని చాలా ఏళ్ళు ఆడారు. నేను రిటైరయ్యే నాటికి ఆ గ్రిప్పులు ఎన్నిసార్లు మార్చానో. ఎవరైనా కొత్తవాళ్ళు ఆ ఉబ్బు తలలు చూసి నవ్వితే, వాళ్ళ బంతి పాకేదాకా ఆగి అప్పుడు నవ్వేవారు. నేను మీకు చెప్పగలిగింది ఇంతే. పెద్దవాళ్ళకు ఏది నప్పుతుందో నోటితో చెప్పకండి. చేతికిచ్చి పక్కకు జరగండి. మానేస్తానని మామూలుగా అన్నవాణ్ణి మాత్రం వదలకండి.

ఆ సాయంత్రం బంద్ గడువు ముగిసి రోడ్డు మీద ఆటోల చప్పుడు మొదలయ్యాక వకీలు గారు బెంచీ మీంచి లేచారు. చేతులు దులుపుకున్నారు.

"ఇగ తే," అన్నారు.

పసుపు టేపుది ఇచ్చాను. తన మామూలు పద్ధతిలో బంతి కన్నా ముందు నేలనే కొట్టారు. వెడల్పు అడుగు నేలలో దిగకుండా జారింది, బంతి తిన్నగా పోయింది. పెళ్ళ లేవలేదు. ఆయన నేల వైపు అనుమానంగా చూశారు. ఎర్రది తీసుకుని ఇంకా బలంగా బాదారు. బంతి లేచిన మాట నిజమే. గాలిలో ఎడమకు తిరిగి తుప్పల్లో మాయమైంది.

"ఎడమకు పోయిందండీ," అన్నారు ఇంజనీరు గారు. నాతో కాదు.

"నాకు కండ్లున్నయి," అన్నారు వకీలు గారు. అదీ నాతో కాదు.

నేను బంతుల బుట్ట సర్దుతున్నట్టు వంగాను.

వకీలు గారు కర్ర మీద బరువు ఆన్చి నిలబడ్డారు. "ఒకటి అడుగుత. రెండు మాటలే గద. అంటే ఏం పోయేది? ఆ పోరడు మీది మీదికొస్తుండె. పోలీసులొస్తుండిరి. నాకు కాళ్ళు చేతులు ఆడలే."

ఇంజనీరు గారు భుజం నొక్కుకుంటూ ఆలోచించారు. "మీరు అడిగితే అనేవాణ్ణేమో. చెప్పలేను. మీరు అడగలేదు కదండీ."

"అడగ," అన్నారు వకీలు గారు. గొంతు బాగా తగ్గిపోయింది. "ఎప్పటికి అడగ." మళ్ళీ ఆగి, "ఆనాడు టీ తాగుకుంట నేనన్న మాట..." అని మొదలుపెట్టారు. జిందగీ అంతా కోర్టులో మాట్లాడిన మనిషికి ఆ వాక్యం పూర్తి చేయడం చేతకాలేదు.

ఇంజనీరు గారు ఆయన కోసం ఎదురుచూశారు. తర్వాత నీలం టేపు కర్ర చేతిలోకి తీసుకుని, ఆ నొప్పి భుజంతోనే సరిగ్గా నిలబడ్డారు.

"వెలుతురు పోతోంది. బంతి పెట్టండి," అన్నారు.

బంతి పెట్టడం నా పని. నేను కదల్లేదు. వకీలు గారు మూలుగుతూ మోకాళ్ళు వంచి, బుట్టలోంచి ఒక బంతి తీసి, ఆయన ముందు పచ్చిక మీద పెట్టారు. అది దొర్లిపోతే మళ్ళీ పట్టుకొచ్చి, అది కుదురుగా నిలిచేదాకా వేలితో ఆపి ఉంచారు.